పక్షుల ఛాయాచిత్రణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగము)



పట్టిసీమ రేవున లాంచీ యెక్కి పాపికొండలు చూడబోవువారిలో నేడు కెమేరా లేనివారు అరుదు. కొండను చిత్రించుట సులభము, అది కదలదు. పక్షి సంగతి వేరు. పాలపిట్టనే చూడుడు. తీగపై కూర్చున్నంతసేపు అది మట్టిరంగు పిట్ట. రెక్క విప్పినదా, ముదురు నీలము, లేత నీలము పట్టెలు పట్టెలుగా మెరయును. జత కట్టు ఋతువున అది పైకెగిరి, కేకలు వేయుచు, అలలలో పడవ యూగినట్లు ఇటు నటు దొర్లుచు క్రిందికి దిగును. ఆ రంగును ఆ యాటయు ఒక్క చిత్రమున పడవలెనన్న కెమేరా తెర సెకనులో వేయవ వంతుకంటె ఎక్కువ కాలము తెరచి యుండరాదు. అందుకొరకు మనుష్యుడు గంటలకొలది కదలక కూర్చుండవలెను. దసరానాడు పంజరమున త్రిప్పెడి పాలపిట్టను చిత్రించినవానికి ఆ యాట దక్కదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అట్లు పట్టుట నేరము కూడ.

అలవాటు నెరిగినవానికే చిత్రము దొరకును. తేనెటీగలను తినెడి చిన్న పచ్చని పసిరిక పిట్ట, ఈగను గాలిలో పట్టి, లేచిన కొమ్మకే మరల వచ్చి, కొండి పోవువరకు దానిని కొమ్మకేసి రాచి మ్రింగును. తెలిసినవాడు పిట్టవెంట పరుగిడడు; కొమ్మపై గురి నిలిపి కూర్చుండును.

పూర్వము పక్షులను తెలిసికొనుటకు తుపాకియే సాధనము. 1941లో వెలువడిన సాలిం ఆలీ గ్రంథము బ్రతికిన పక్షిని చూచుట సామాన్యులకు నేర్పినది. లోథర్ అను ఆంగ్లేయుడు గూళ్ళచెంత చాటు కట్టుకొని తీసిన చిత్రములు 1949లో గ్రంథముగా వచ్చినవి. తుపాకికంటె అది మేలే. అయినను గూటి చెంతకు పోవుటలో ఒక యాపద కలదు.

అదేమో తీతువును చూచిన తెలియును. తీతువు కూసిన కీడని జనులు శంకింతురు. పాపము, అది తరచుగా తన గ్రుడ్లకొరకు అరచునది. కంటిముందు ఎర్రని కండయు, పసుపుపచ్చని కాళ్ళును గల ఈ పక్షి చెట్టున గూడు కట్టదు. వేసవిలో నీటి చేరువ గులకరాళ్ళ నడుమ, నేలపైననే, సాధారణముగ నాలుగు గ్రుడ్లు పెట్టును. మచ్చలవలన గ్రుడ్డేదో రాయేదో తెలియదు. ఇసుక కాలునప్పుడు తల్లిదండ్రులు వంతులు వేసికొని నిలిచి నీడ పట్టును. నీటికి పోయి పొట్టయీకలు తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లార్చును. మనుష్యుడు కెమేరాతో చెంత నిలిచినంతసేపు ఆ పక్షి పైన తిరుగుచు అరచునే కాని దిగదు. చిత్రము బాగుగ వచ్చినదని ఆయన సంతసించుచుండగా గ్రుడ్లు ఎండకు ఉడుకుచుండును. పంచతంత్రమున టిట్టిభము గ్రుడ్లను సముద్రుడు హరించినపుడు గరుత్మంతుడు విష్ణువునకు మొరవెట్టెను. ఇసుకతిన్నెపై ఆ దిక్కు లేదు.

కావున లాంచీమీదినుండియో, ఒడ్డుచెట్టు చాటునుండియో, దూరపు కటకముతో తీయుటయే తగును. సెల్‌ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించు పద్ధతి యొకటి వచ్చినది. తన తావున శత్రువు చొచ్చెనని అది మేత మాని పరుగున వచ్చును. అది వంచన.

దూరమున నుండి ఏమి సాధింతుమనువారికి కడప జిల్లా కలివికోడి కథ వినదగినది. 1848లో జెర్డన్ లోకమున కెరిగించిన ఆ పక్షి 1900 తరువాత కనబడక, అంతరించెనని తలపబడి, 1986లో లంకమల ప్రాంతమున మరల దొరకెను. దొరకిన పక్షి చెరలో కొద్దికాలమునకే మరణించెను. 1988లో అచట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. రాత్రివేళ పొదల నడుమ తిరుగు ఆ పక్షికొరకు శాస్త్రజ్ఞులు సన్నని మట్టిపట్టెలు పరచి, తెల్లవారి అడుగుజాడలు చదివిరి. పక్షి యెదుటికి రాగానే తమంత తామే చిత్రము తీయు కెమేరాలను అమర్చి వెడలిపోయిరి. ఆ పరిశోధన 2002లో ప్రకటితమైనది. ఎవరును లేని వేళ, తన దారిని తాను నడచుచు, కలివికోడి ఆ కెమేరాలకు చిక్కినది.