కంచె చేను మేసినపుడు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రాత్రివేళ దగ్గు హెచ్చి, ఆయాసముతో రోగి పక్కమీద లేచి కూర్చున్నచో ఇంటివారికి తోచునది ఉబ్బసము; నెలలు గడచి ఒడలు చిక్కినచో తోచునది క్షయ. ఈ రెండును గాని వ్యాధి మరియొకటి కలదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ వైద్యశాలలో ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ అను వైద్యులు, క్షయవలె కనుపించియు క్షయ కాని యొక రోగమును గూర్చి 1940లో ప్రకటించిరి. ఆ రోగుల రక్తమున ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మిక్కుటముగా నుండెను. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దానిని ఉష్ణమండల ఇయోసినోఫిలియా యనెను. మన జనులు ఇస్నోఫీలియా యను మాట ఇందుండి వచ్చినదే.

ఈ కణములు శత్రువులు కావు. ఇయోసిన్ అను ఎర్రరంగును ఇష్టముగా పీల్చుకొనుటచే వీనికి ఆ పేరు కలిగెను. 1879లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ వీనిని వర్ణించెను. పురుగులనుండి దేహమును కాచుట వీని కొలువు. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరుకు ఇవి సాధారణముగా 500 మించవు. ఈ వ్యాధియందు 3000 దాటును.

కారణమేమి? దోమకాటువలన చేరిన బోదకాలు పురుగుల పిల్లలు రక్తమున తిరుగుచు ఊపిరితిత్తుల సన్నని నాళములలో చిక్కుకొనును. పెక్కుమందికి దేహము వానిని సహించును; కొందరికి మాత్రము ఉగ్రమగును. టీ కణములను తెల్లకణములు ఆజ్ఞలిచ్చును. ఆ ఆజ్ఞచే ఇమ్యునోగ్లోబులిన్-ఇ యను ప్రతిరక్షక పదార్థము పుట్టి మాస్టు కణములపై నిలుచును. అవి హిస్టమిన్‌ను చిమ్మగా శ్వాసనాళములు ముడుచుకొనును. ఇంటర్‌ల్యూకిన్-5 అను మరియొక ఆజ్ఞచే ఎముకల మజ్జలో ఇయోసినోఫిల్ కణములు వేనవేలుగా పుట్టి ఊపిరితిత్తులకు పరుగెత్తి, పురుగును చంపదగిన విషపదార్థములను క్రుమ్మరించును. ఆ విషమునకు పురుగని, ఊపిరితిత్తి యని భేదము లేదు. కంచె చేను మేసినట్లయినది!

పుప్పొడివలనను, ధూళివలనను వచ్చు ఉబ్బసమున అన్యాయ మింకను హెచ్చు. అచ్చట దొంగయే లేడు. తక్షకుడొక్కని తప్పునకు జనమేజయుడు సర్పకులమునెల్ల అగ్నికి ఆహుతి చేయబూనెను. ఆస్తీకుడు వచ్చి ఆపవలసివచ్చెను.

ఈ రోగమునకు ఆస్తీకునివంటి మందు డైఇథైల్‌కార్బమజీన్. 1947లో అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అది వెలువడెను. అది పురుగు పిల్లలను నిర్మూలింపగా దేహము శాంతించును.

కావున రాత్రి దగ్గు వారములు నిలిచినచో ఊహలతో తృప్తిపడరాదు. కఫమును, రక్తమును పరీక్ష చేయించవలెను. కణములు హెచ్చినంతమాత్రమున ఇదే రోగమనియు అనరాదు. కడుపులోని పురుగులవలనను, ఉబ్బసమువలనను హెచ్చవచ్చును. నిర్ణయము వైద్యునిది. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు మచ్చలుపడి గట్టిపడును. పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాదు.

కావలివానిని చంపుట వైద్యము కాదు. వానిని రేపిన దొంగను వెడలగొట్టుటయు, దొంగ లేనిచోట వాని కోపము నణచుటయు వైద్యము.

స్వస్తి.