ఆగమన కాలపు ఆనందము ఎవరిది?



క్రిస్మస్ పండుగకు ముందు మనము గడపు ఆగమన కాలములో నాలుగు ఆదివారములు కలవు. అందు మూడవ ఆదివారమునకు లత్తీను భాషలో ‘గౌదేతే’ అని పేరు. ఆనందింపుడు అని దాని అర్థము. ఆ దినము దివ్యబలిపూజలో ప్రవేశ గీతపు మొదటి మాట అదే గనుక ఆ పేరు నిలిచినది. ఊదారంగు వస్త్రములకు మారుగా గురువు ఆ దినము గులాబి రంగు వస్త్రములు ధరింపవచ్చును. ధరించి తీరవలెనను నియమము లేదు. గులాబి వస్త్రములు లేని విచారణలు మనలో చాల కలవు. అందుచేత అక్కడివారి ఆనందమునకు కొరత యేమియు రాలేదు.

ఆ మాట ఎక్కడినుండి వచ్చినదో చూడుడు. అది పునీత పౌలు గారు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలోనిది. ఆ లేఖ వ్రాయునప్పటికి ఆయన సంకెళ్లలో ఉన్నారు. తీర్పు ఏమగునో, ప్రాణము దక్కునో దక్కదో తెలియదు. లోకములో బయటివారు పోయి చెరలో నున్నవానికి ధైర్యము చెప్పుదురు. ఇక్కడ చెరలోని మనిషి బయట స్వేచ్ఛగా తిరుగువారికి ఆనందింపుడని కబురు పంపుచున్నారు.

మన సంగతి చూచుకొందము. డిసెంబరు వచ్చినదనగా మన పల్లెలకు పండుగ కళ వచ్చును. గోడలకు సున్నము వేయుదుము. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితము అంటించి, నక్షత్రము చేసి ఇంటిముందు వ్రేలాడదీయుదుము. గుడిలో పశువుల పాకకు గడ్డి, బొమ్మలు సిద్ధపరచుదుము. సార్వా కోతలై ధాన్యము ఇల్లు చేరిన ఏడు అరిసెల పాకపు వాసన వీధి చివరి వరకు వచ్చును. ఇదంతయు మంచిదే. పండుగను పండుగవలెనే చేసికొనవలెను. కాని పిల్లల క్రొత్త బట్టలకని నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఉగాది దాటినను ఆ అప్పు తీరక బాధపడు కుటుంబములు మనలో లేవా? ఆ ఆనందము దుకాణములో కొన్నది. పంట పండిన ఏడు ఉండును, పోయిన ఏడు ఉండదు. శ్రీసభ ఆనందింపుడని చెప్పునది దీనినిగూర్చియే ఐనచో, పంట పోయినవానికి, ఇంటి దీపము ఆరిపోయినవానికి ఆ మాట ఏ ముఖముతో చెప్పగలము?

ఇది ఊహకు తోచిన ప్రశ్న కాదు. మన కోస్తా తీరమున నిజముగా ఎదురైన ప్రశ్న. 1977వ సంవత్సరము నవంబరు 19, శనివారము. ఆ దినము వచ్చిన తుఫానులో సముద్రపు ఉప్పెన కృష్ణా జిల్లా దివిసీమను ముంచివేసినది. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములలో జరిగిన నష్టము చెప్పనలవి కాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవారు దాదాపు 10,000 మంది. కోతకు వచ్చిన వరిచేలు ఉప్పునీట మునిగినవి. మరునాడు ఆదివారము, క్రీస్తురాజు పండుగ. శ్రీసభ ఆరాధనా సంవత్సరములో కడపటి ఆదివారము. ఉప్పెన వచ్చిన ఎనిమిదవనాడు, నవంబరు 27న, ఆగమన కాలము ఆరంభమైనది. డిసెంబరు 11న గౌదేతే ఆదివారము వచ్చినది.

ఆ ఆదివారమునకు శ్రీసభ నియమించిన పఠనములు ఏవి? రెండవ వాటికన్ మహాసభ తరువాత 1969లో వెలువడిన పఠన క్రమము మూడేండ్లకొకసారి తిరుగును. 1977 ఆగమన కాలముతో మొదటి యేటి వరుస ప్రారంభమైనది. అందు గౌదేతే ఆదివారపు మొదటి పఠనము యెషయా గ్రంథము 35వ అధ్యాయము. ఎండిన నేల సంతోషించి పూయునని, నీరసించిన చేతులకు బలమీయవలెనని ప్రవక్త చెప్పు భాగమది. రెండవ పఠనము యాకోబు గారి లేఖ 5వ అధ్యాయము. అందులో మన రైతు ఉన్నాడు! నేల ఇచ్చు ఫలము కొరకు, తొలకరి వానకును కడవరి వానకును ఓపికతో కాచుకొనియుండు రైతును చూచి నేర్చుకొనుమని యాకోబు గారు బోధించుచున్నారు. పాలస్తీనా దేశములో తొలకరి మనకువలె జూనులో రాదు. అక్టోబరు, నవంబరు నెలలలో పడును. విత్తనము అప్పుడు చల్లుదురు. కడవరి వాన మార్చి, ఏప్రిలు నెలలలో పడి గింజను నింపును. రెంటికిని నడుమ మబ్బు మీద రైతునకు అధికారము లేదు. అయినను అతడు చేను విడిచి పోడు.

వానకై కాచుకొను రైతును గూర్చిన ఆ మాట, నీటివలననే సర్వము పోగొట్టుకొన్న రైతుల చెవిని ఎట్లు పడియుండును? మనము తొందరపడి జవాబు చెప్పరాదు. అంతయు దేవుని చిత్తమని ఒక్క మాటతో తేల్చివేయుట మనకు అలవాటైనది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట ఆ మాట అనుటకంటె ఊరకుండి ప్రక్కన కూర్చుండుట మేలు. యాకోబు గారు కూడ రైతునకు ఎన్నడును నష్టము రాదని చెప్పలేదు. ప్రభువు దగ్గరలో ఉన్నాడని, గుండె గట్టిచేసికొనవలెనని మాత్రమే చెప్పినారు.

ఆనాటి సువార్త ఇంకను కఠినమైనది. మత్తయి సువార్త 11వ అధ్యాయములో స్నాపక యోహాను గారు హేరోదు చెరలో ఉన్నారు. అది మృతసముద్రమునకు తూర్పున నున్న మకేరు కోట అని యూదుల చరిత్రకారుడు జోసీఫసు వ్రాసినాడు. యొర్దాను తీరమున జనసమూహముల యెదుట రాబోవువానిని గూర్చి ఎలుగెత్తి చాటిన అదే యోహాను గారు ఇప్పుడు శిష్యులను పంపి, రావలసినవాడవు నీవేనా, లేక వేరొకనికై చూడవలెనా యని అడిగించుచున్నారు. విశ్వాసికి సందేహమే రారాదని పిల్లలను గద్దించువారు ఈ భాగమును మరల ఒకసారి చదువవలెను. యోహాను గారు తన సందేహమును మనసులో దాచుకొని కుమిలిపోలేదు. దానిని నేరుగా ప్రభువు వద్దకే పంపినారు. అదియు విశ్వాసమే.

ప్రభువు ఇచ్చిన జవాబులో గ్రుడ్డివారు ఉన్నారు, కుంటివారు ఉన్నారు, కుష్ఠరోగులు, చెవిటివారు, మరణించి లేచినవారు, సువార్త విన్న పేదలు అందరును ఉన్నారు. ఇవి యెషయా ప్రవచనముల గుర్తులు. కాని అవి బాగుగా నెరిగిన యోహాను గారు ఈ జాబితాలో ఒకటి తక్కువైనదని గ్రహించియే యుందురు. చెరలోని వారికి విడుదల కలుగునని అదే ప్రవచన గ్రంథము 61వ అధ్యాయములో ఉన్నది. ప్రభువు ఆ మాట ఎత్తలేదు. యోహాను గారి చెర తలుపు తెరువబడలేదు. హేరోదు ఆయన తల తీయించెను. అయినను స్త్రీలకు పుట్టినవారిలో ఆయనకంటె గొప్పవాడు లేడని ప్రభువు పలికినది, ఆయన సందేహము తెచ్చిన ఆ శిష్యులు వెనుదిరిగి పోవుచున్న సమయముననే.

చెరలో ఆగమన కాలము గడపినవారు మనకు దగ్గర కాలమున కూడ ఉన్నారు. జర్మనీ దేశమున యేసు సభ గురువైన ఆల్ఫ్రెడ్ డెల్ప్ గారిని హిట్లరు ప్రభుత్వము 1944 జూలైలో బంధించినది. బెర్లిను నగరపు టేగెల్ చెరసాలలో, చేతుల బేడీలతోనే, ఆయన ఆ డిసెంబరున ఆగమన కాల ధ్యానములు కాగితపు ముక్కలమీద వ్రాసినారు. అవి రహస్యముగా బయటికి చేరినవి. డిసెంబరు 8న, నిష్కళంక మాత పండుగనాడు, ఆ చెరలోనే తన సభ కడపటి వ్రతములు చేసినారు. 1945 ఫిబ్రవరి 2న ఆయనను ఉరితీసిరి. వయస్సు 37. ఫిబ్రవరి 2 బాలయేసును దేవాలయమున సమర్పించిన పండుగ. వృద్ధుడైన సిమియోను గారు వాగ్దానము నెరవేరుట కన్నులార చూచి, ఇక పోవుటకు సెలవడిగిన దానిని మనము స్మరించు దినము.

ఐతే దేవుడు మనకు వాగ్దానము చేసినదేమి? ఉప్పెన రాదని కాదు. ఎమ్మానుయేలు అను పేరునకు అర్థము దేవుడు మనతో నున్నాడనియే. యెషయా ప్రవక్త ఈ పేరు పలికిననాడు ఆహాజు రాజు శత్రువుల దండునకు వణకుచున్నాడు. ఆ మాటకును బెత్లెహేము పశువుల పాకకును నడుమ ఏడు వందల ఏండ్లు గడచినవి. ఎన్ని తరములు చూడకయే కన్నుమూసినవో లెక్కింపుడు. మన మేత్రాసనమునకు అన్ని యేండ్లు నిండలేదు. కాలినడకన ఊరూరు తిరిగిన ఉపదేశులు, తాటాకు గుడిలో మోకరిల్లిన మన తాతలు, అవ్వలు మనము నేడు కూర్చున్న ఆలయమును చూచి యెరుగరు. చూడకయే క్రిస్మస్ పాటలు పాడినారు.

ఇక మన ఆచారములలో ఒకదానిని గూర్చి చెప్పవలసియున్నది. ఇంట మరణము జరిగిన ఏడు మనవారిలో పలువురు పండుగ చేసికొనరు. నక్షత్రము కట్టరు, పొయ్యిమీద మూకుడు పెట్టరు. పాటల బృందము ఆ గుమ్మము వద్ద నోరు మూసికొని ముందుకు సాగును. దుఃఖములో నున్నవారిని గౌరవించుటయే దీని ఉద్దేశమని మనమెరుగుదుము. పిండివంటలు మానుట వారి యిష్టము, ఎవరును బలవంతపెట్టరాదు. నక్షత్రము సంగతి వేరు. ఆనందింపుడను మాట చెరనుండి వచ్చినదైనచో, ఉప్పెన తరువాత ఇరువది రెండవనాడు తీరపు గుడులలో ఆ పఠనములు చదువవలసి వచ్చినదైనచో, ఆ యింటిని దాటిపోవుటకు మనకు అధికారము లేదు.

కావున ఈ యేడు పాటల బృందము బయలుదేరునప్పుడు మొదట అట్టి యిండ్లకే పోవుదము. ముందుదినమున ఇంటి పెద్దను అడిగి పోవలెను. డప్పులు, టపాకాయలు వలదు. గుమ్మము ముందు నిలిచి, చనిపోయినవారి పేరు తలచి, ఒక పరలోక జపము, ఒక మంగళవార్త జపము చెప్పి, ఒక్క పాట మెల్లగా పాడుదము. నక్షత్రము ఒకటి మనమే చేసి తీసికొని పోవుదము. వారు కట్టనిచ్చినచో అక్కడనే కట్టుదము. వలదన్నచో గుడికి తెచ్చి, పశువుల పాక పైన వారి యింటి పేరున వ్రేలాడదీయుదము.