ఘ్రాణమును స్మృతియు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దమంజరియు అమరమును చెప్పి విశ్రాంతి గైకొన్న మాకు మెదడును గూర్చి మాటాడుటకు అధికారమేమి యని మీలో కొందరు తలపవచ్చును. ఆ సందేహము న్యాయమే. మేము వైద్యులము కాము. ఒక మాటకు అర్థమును వెదకుచు బయలుదేరి, ఆ వెదకులాటలో నేటి పరిశోధకుల వ్రాతలదాక పోయినవారము. ఆ మాట 'వాసన'.

తెలుగున వాసన యనగా ముక్కునకు తెలియునది. సంస్కృతమున వాసన యనగా పూర్వానుభవము చిత్తమునందు విడిచిపోయిన ముద్ర. ఈ రెండర్థములకు చుట్టరికమెట్టిదో తెలియుటకు పూర్వులు చెప్పిన దృష్టాంతము చాలును. నువ్వులను పూలతో పొరలు పొరలుగా పరచి కొన్నినాళ్ళుంచి, పిదప పూలను తీసివేసి గానుగ ఆడింతురు. పూవు పోయినను నూనెలో దాని పరిమళము నిలిచియుండును. అట్లే అనుభవము గడచినను దాని సంస్కారము నిలిచియుండును. ఇంగువ కట్టిన గుడ్డ యని మన యిండ్లలో అనుట ఇదియే. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమున, స్మృతి యనునది క్రొత్త అనుభవము కాదనియు, మునుపటి అనుభవపు సంస్కారమునుండియే లేచుననియు వివరించెను. ఆ సంస్కారము నిద్రించుచుండును. దానిని మేల్కొలుపుదానికి ఉద్బోధకమని తార్కికులు పేరిడిరి. ఉద్బోధకములలో వాసనకు గల బలమెట్టిదో మాకు పుస్తకమున గాక మా యింటనే తెలిసినది.

మా తండ్రిగారు ఆళ్ళగడ్డయందు కమ్మరము చేసి 1989లో గతించిరి. పిమ్మట మా తల్లిగారు నంద్యాలలో మా వద్దనే యుండిరి. 2010 నాటికి ఆమెకు మరపు ముదిరి, కన్నకొడుకులమైన మమ్ము చూచి "ఎవరు నాయనా మీరు?" అని యడుగుచుండిరి. ఒకనాడు కొడవండ్లకు కక్కు పెట్టి గడ్డపారలు సాగగొట్టువారు మా వీధిలో బండి నిలిపి చిన్న కొలిమి వెలిగించిరి. బొగ్గుపొగయు, ఎఱ్ఱగా కాలిన యినుమును నీట ముంచినప్పుడు లేచు ఆవిరియు మా వసారాలోనికి వచ్చినవి. మా తల్లిగారు తల యెత్తి, మా వంక నిదానించి చూచి, "ఏమిరా, మీ నాయనకు కొలిమి కాడికి సద్ది పంపినారా?" అని యడిగిరి. ఏడాదికి పైగా మమ్మెరుగని తల్లి మమ్ము 'ఏమిరా' యని పిలిచిరి. "పంపినామమ్మా" అంటిమి. ఆమె తృప్తితో కన్నులు మూసికొనిరి. అరగడియ గడచునప్పటికి మేమెవరమో ఆమెకు మరల తెలియలేదు. తండ్రిగారి పటమును ఎన్నిమారులు చూపినను రాని జ్ఞాపకము బొగ్గుపొగతో నెట్లు వచ్చినదని ఆనాటినుండి మేము విచారింపసాగితిమి.

దీనికి నేటి నాడీశాస్త్రము చెప్పు సమాధానమును మాకు బోధపడినంతవరకు మనవి చేయుదుము. ముక్కుయొక్క పైభాగమున సన్నని పొరయందు వాసనను గ్రహించు నాడీకణములు కలవు. ఆ కణములమీద గ్రాహకములున్నవి. 1991లో అమెరికా దేశమున లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను నిరువురు ఎలుకలయందు ఈ గ్రాహకములను నిర్మించు జన్యువుల పెద్ద కుటుంబమును కనుగొనిరి. ఆ పనికై వారికి 2004లో నోబెల్ బహుమానము లభించినది. ఎలుకకు ఇట్టి జన్యువులు ఇంచుమించు 1000 కాగా, మనుష్యునకు పనిచేయునవి 400 మాత్రమే. అక్షరములు ఏబదియారే యైనను వానిని కూర్చి లెక్కలేనన్ని మాటలు పలుకునట్లు, ఈ 400 గ్రాహకముల కూర్పులచేతనే మనము బహువిధములైన వాసనలను వేరుచేయుచున్నాము.

ఇక మార్గమును చూడుడు. కంటికి కనబడినది, చెవికి వినబడినది, చర్మమునకు తాకినది మొదట థాలమస్ అను నడిమి మజిలీయందు దిగి, అచ్చటినుండి మెదడు పైపొరకు పోవలెను. వాసనకు మొదట ఆ మజిలీ లేదు. ముక్కు పైనున్న జల్లెడవంటి యెముక రంధ్రములగుండ నాడీతంతువులు మెదడు అడుగుననున్న ఘ్రాణకందమును చేరును. అచ్చటినుండి వార్త నేరుగా అమిగ్డలాకును, హిప్పోక్యాంపస్‌ను ఆనుకొనియున్న భాగములకును పోవును. అమిగ్డలా బాదముగింజ యాకారము గలది. భయము మొదలైన భావములకు తావు. హిప్పోక్యాంపస్ సముద్రపు గుర్రపుచేపను బోలినది. అనుభవములను జ్ఞాపకములుగా కూర్చుటకు ఆధారము. అందుచేతనే వాసన సోకినప్పుడు దాని పేరు తోచుటకు ముందే మనసు కదలును. "ఇది దేని వాసనయో తెలియదు గాని ఎందుకో దుఃఖము వచ్చుచున్నది" అని మనము అనుట వట్టిమాట కాదు.

మఱియొక విశేషము. 2006లో స్వీడను దేశమున విలాండర్, లార్సన్ అనువారు వృద్ధులకు కొందరికి మాటలను, కొందరికి చిత్తరువులను, కొందరికి వాసనలను ఇచ్చి, ఏ జ్ఞాపకము వచ్చినదో యడిగిరి. మాటలకును చిత్తరువులకును వచ్చినవి విశేషముగా పదునొకండవ యేటినుండి ఇరువదవ యేటివరకు గలవి. వాసనలకు వచ్చినవి మొదటి పదియేండ్లలోపలివి. కావున బాల్యమునకు పోవు దారులలో ముక్కు దారియే మిక్కిలి లోతునకు పోవునట్లున్నది. ఇంతమాత్రమున వాసన తెచ్చిన జ్ఞాపకము తక్కినవానికన్న నిజమైనదని తలపరాదు. అందు భావము హెచ్చు, అంతే. అత్తరు పీల్చినచో మరపు మానునని యెవరైనను సీసాలమ్మ వచ్చిరేని కొనకుడు. మా తల్లిగారికి తెలివి వచ్చినది అరగడియయే.

వేసవి తుదను మన రేగడిచేలమీద తొలివాన పడినప్పుడు లేచు వాసన మీకందరికిని తెలిసినదే. పృథివికి గంధము గుణమని తార్కికులనిరి. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ అనువారు ఆ పరిమళమునకు పెట్రికోర్ అని పేరిడి, ఎండిన మట్టియు రాళ్ళును పట్టియుంచిన తైలములే దానికి కారణమని చూపిరి. మట్టియందలి సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థమును అందు చేరును. కనౌజిలో మట్టినుండి అత్తరు తీయువారు ఈ సంగతిని చేతిపనిగా ముందే యెరిగియుండిరి. పనివాని చేతికి తెలిసినదానిని శాస్త్రము పిదప వివరించుట క్రొత్త కాదు.

ఈ మాటచేతనే మేము మన పనిపట్టులవద్దకు వచ్చుచున్నాము. కొలిమి బొగ్గు, టేకు పొట్టు, కంచు కరగు మూస, స్వర్ణకారుని కుంపటిమీది లక్క, ఉలి దెబ్బకు లేచు రాతిపొడి — మన పంచవృత్తులలో పుట్టినవారి బాల్యమంతయు ఈ వాసనలయందే దాగియున్నది. అయితే ఆ వాసనను తెలిసికొను ముక్కును ఆ పనియే చెఱచుచున్నదని మనము గమనింపకున్నాము. కె.డి.ఎం. అని పేరుపడిన అతుకులయందలి కాడ్మియము కాగినప్పుడు వచ్చు పొగ ఊపిరితిత్తులకును మూత్రపిండములకును హాని చేయును. ఘ్రాణశక్తిని పోగొట్టుననియు నిరూపితమైనది. కొయ్యపొడి ముక్కులోపల పుట్టు క్యాన్సరునకు కారణములలో నొకటి. ఆళ్ళగడ్డ శిల్పశాలలలో కోతయంత్రములు వచ్చినపిదప లేచు రాతిధూళి ఊపిరితిత్తులను రాయిచేయును.

ముక్కు పోయినవాని బ్రతుకెట్టిదో మేమెరుగుదుము. 2021లో కోవిడు జ్వరము తగ్గినపిదప నాలుగు నెలలు మాకు వాసన తెలియలేదు. పొయ్యిమీద పాలు పొంగి మాడుచుండ పక్కనే కూర్చుండి చదువుకొనుచుంటిమి. గ్యాసు కారినను తెలియని స్థితి అది. అన్నిటికన్న, తొలివాన పడిననాడు వాకిట నిలిచి ఏమియు తోపక లోనికి వచ్చితిమి. జర్మనీ దేశమున హుమ్మెల్ అను వైద్యుడు 2009లో ప్రకటించిన అభ్యాసమును వైద్యుల సలహాపై చేసితిమి. గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగము, ఈ నాలుగు పరిమళములను దినమునకు రెండుమారులు పన్నెండు వారములు శ్రద్ధతో మూర్కొనుటయే అది. అందరికి ఫలించునని చెప్పజాలము. కొందరికి మేలు కలిగినది. ఘ్రాణకణములు పెద్దవయసునను క్రొత్తవి పుట్టుచుండుట మనకు గల ఆశ.

కావున మా విన్నపములు మూడు. పెద్దలలో ఎవరికైనను వాసన తెలియుట తగ్గినచో వయసుధర్మమని ఊరకుండక వైద్యునకు చూపుడు. జలుబువలనను, వయసువలనను తగ్గవచ్చును గాని, కొందరియందు పార్కిన్సన్, ఆల్జీమర్ వ్యాధులకు అది కొన్నియేండ్లు ముందు వచ్చు గుర్తు. రెండవది, భవననిధికి ఉదారముగా చందాలిచ్చు పోషకులు అందొక భాగమును పనిపట్టులయందు పొగను, ధూళిని బయటికి లాగు పంకాలకును, ముసుగులకును, రాతికోతకు నీటిధారలకును కేటాయింపుడు. కాడ్మియపు అతుకును మన స్వర్ణకారులు మానునట్లు ఈ సభ తీర్మానింపవలెను. మూడవది, మరపు పడిన పెద్దలను గదిలో నొంటరిగా నుంచక, వారు మెలగిన పనిపట్టునకు, వంటయింటికి, చేనిగట్టునకు ఒక్కమారు తీసికొనిపొండు. రోగము కుదురకపోవచ్చును. మిమ్ము పేరుపెట్టి పిలువవచ్చును.

మా తండ్రిగారి సమ్మెటయు పట్టకారును మా యింట భద్రముగా నున్నవి, కొలిమి లేదు. వీధిలో బొగ్గు రాజుకొన్నపుడెల్ల ఒక క్షణము సద్దిమూట చేతనున్నట్లే మాకు తోచును.