తీసేసే చెయ్యి: బీడీ కార్ఖానా నుంచి ఫోన్ తెర దాకా

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ పెద్దాయన జీవితమంతా బీడీ కార్మికుల తరఫున వాదించిన వకీలు. అందుకే బీడీల దగ్గరే మొదలుపెడతాను.

నా చిన్నతనంలో సాయంత్రమైతే మా వీధి ఆడవాళ్లు చుట్టిన బీడీలు తీసుకుని కాంట్రాక్టరు, అంటే టేకేదారు, ఇంటిముందు కూర్చునేవాళ్లు. అతను ఒక్కో కట్ట విప్పి, వేళ్లమధ్య దొర్లించి చూసి, నచ్చనివి పక్కకు తీసేసేవాడు. తీసేసినవాటికి కూలి లేదు. పైగా వాటికి పట్టిన ఆకు, తంబాకు లెక్కగట్టి అడిగేవాడు. ఎందుకు తీశావని నిలదీసిన మనిషికి మర్నాడు ఆకు తక్కువ పడేది.

1961లో లా రిపోర్టులకెక్కిన సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. నాగపూర్ బీడీ కార్ఖానా యజమాని వాదన ఇది: వీళ్లు తమకు వీలైనప్పుడు వస్తారు, వీలైనప్పుడు వెళ్తారు, చుట్టినన్నిటికే డబ్బు తీసుకుంటారు, కనుక నా కార్మికులు కారు. కోర్టు ఒప్పుకోలేదు. సరుకు చూసి, బాగాలేనిదాన్ని తోసిపుచ్చే హక్కు చేతిలో ఉంటే అజమాయిషీ ఉన్నట్టే అంది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటిపట్టున చుట్టేవాళ్లనూ లెక్కలోకి తెచ్చింది. తీసేసిన బీడీలమీద తగవొస్తే తేల్చడానికి ఒక అధికారి ఉండాలంది. అమలులో లొసుగులు చాలానే ఉండేవి. అయినా అడగడానికి ఒక గుమ్మం ఏర్పడింది.

నాగపూర్ యజమాని మాటలే ఈరోజు యాప్ కంపెనీలు చెబుతున్నాయి. లాగిన్ మీ ఇష్టం, మీరు మా భాగస్వాములు అంటాయి. ఏ ఆర్డర్ ఎవరికి పోవాలో, కిలోమీటరుకు ఎంత ఇవ్వాలో, ఎవరి ఐడీ ఆపాలో మాత్రం అవే నిర్ణయిస్తాయి. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లకు కార్మిక హక్కులున్నాయని తేల్చినప్పుడు, ప్రయాణికులిచ్చే రేటింగును కంపెనీ వాడుకునే తీరు కూడా అజమాయిషీయేనని చెప్పింది. బీడీలు దొర్లించి చూసిన వేళ్లే నాకు ఆ తీర్పులో కనిపించాయి.

ఆనాటి ఆడవాళ్లలో ఒకామె మనవడు హైదరాబాద్‌లో బండిమీద ఆర్డర్లు అందించేవాడు. ఒక పొద్దున ఐడీ బ్లాక్ అయింది. ఆఫీసుకు వెళ్తే యాప్‌లో ఫిర్యాదు పెట్టుకోమన్నారు. బ్లాకైన యాప్ తెరుచుకోదు. టేకేదారుకు కనీసం ముఖం ఉండేది, వాకిలి ఉండేది.

మన దేశంలో 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం పనివాళ్ల సంక్షేమానికి జమచేయాలంటుంది. దీన్ని నేను తక్కువ చేయను. రోడ్డుమీద కాలు విరిగినవాడి ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ డబ్బు కావాలి. కానీ ఆ కోడ్ యాప్‌లమీద పనిచేసే ఈ మనుషులను యజమాని–కార్మిక సంబంధానికి వెలుపల నిలబెట్టి నిర్వచించింది. మన కోర్టు 60 ఏళ్లకు పైగా కిందటే దాటిన గీతను మళ్లీ గీసింది.

తీసేసే విషయంలో 2025 నాటి కర్ణాటక చట్టం మేలు: తొలగించాలంటే రాతపూర్వకంగా కారణం చెప్పాలి, 14 రోజుల ముందు నోటీసివ్వాలి. తెలంగాణ ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. ఇలాంటి చట్టం ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికేది జమచేయాల్సిన శాతాన్ని కాదు. ఐడీ ఆపిన కారణం ఆ కుర్రాడికి తెలుగులో చెబుతారా? అతను ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఎవరు, ఏ ఊళ్లో, ఏ గదిలో ఉంటారు?