సల్సాలో మోగే డోలు ఎవరిది?

(గన్నవరంలో ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక ఒక చెల్లి అడిగింది: "అన్నా, సల్సా ఆడితే స్టైల్ అంటారు, ధింసా ఆడితే కొండోళ్ల గంతులంటారు. ఎందుకు?" మంచి ప్రశ్న. అసలు సల్సా ఎవరిదో ముందు చూద్దాం.

సల్సా అంటే స్పానిష్‌లో సాస్. మన పచ్చడి లాంటిదనుకోండి. దాని వేళ్లు తూర్పు క్యూబాలో పుట్టిన 'సోన్' పాటలో ఉన్నాయి. చెరకు తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల డోలు, స్పెయిన్ వాళ్ల గిటారు అక్కడ కలిశాయి. క్యూబాలో 1886 దాకా బానిసత్వం ఉంది. సోన్‌లో గలగలలాడే మరాకాస్ మూలం టైనోలదని చెబుతారు. టైనోలంటే ఆ దీవుల ఆదివాసులు. 1492లో కొలంబస్ దిగాక వెట్టిచాకిరీ, రోగాలు, హత్యలు వాళ్లలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి.

తర్వాత న్యూయార్క్ పేద బస్తీల్లో ప్యూర్టోరికో, క్యూబా వలస బిడ్డలు ఈ పాటలో జాజ్ కలిపారు. 1964లో అక్కడ ఫానియా అనే రికార్డుల కంపెనీ పుట్టింది. 1970ల్లో 'సల్సా' పేరుతో అది దేశదేశాల్లో అమ్ముడైంది. "ఇది మా సోనే కదా, కొత్త పేరెందుకు?" అని క్యూబా కళాకారులు చాలామంది అడిగారు. పేరు మారితే పుట్టిన ఊరు మరుగున పడుతుందని వాళ్ల బాధ.

మన సంగతీ అంతే. అరకులో మోరి, తుడుం, డప్పు మోగితే బోడ ధింసా గ్రామదేవతకు మొక్కు. బాగ్ ధింసా పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చెబుతుంది. కానీ సభల్లో మనల్ని గేటు దగ్గర నిలబెడతారు. పెద్దలు కారు దిగి లోపలికెళ్లగానే డోలు ఆపమంటారు. నేనూ అలా ఆపినవాణ్ణే. మా ఊరి పేరు ఆ రోజు మైకులో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ సిగ్గు ఇంకా ఉంది.

మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య తాత కోయల వంశ చరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లం మనలో ఎంతమందిమి?

సల్సా నేర్చుకోండి, తప్పు లేదు. అదీ మనలాంటోళ్లదే. కానీ ఈసారి సెలవులకు ఊరెళ్తే డోలు పట్టే తాత పక్కన కూర్చోండి. ఆయన సరేనంటే పాట ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఊరు, ఏ పండక్కి పాడతారో రాసుకోండి. ఒక్క పాటైనా మీరు పాడటం నేర్చుకుని రండి. వచ్చే సభలో గేటు దగ్గర కాదు, స్టేజీ మీద, మన ఊరి పేరు చెప్పి మరీ వాయిద్దాం.

జోహార్!