వేడుకకు తీపి యెంత?



గృహస్థునకు వేదాంతముకంటెను చిక్కైన ప్రశ్న యొకటి కలదు. ఇంట పెండ్లియో, బారసాలయో, షష్టిపూర్తియో తలపెట్టినప్పుడు “తీపి యెంత చేయింపవలెను?” అనునదే యా ప్రశ్న. లగ్నము పురోహితుడు చెప్పును. పందిరి కొలత పందిరివాడు చెప్పును. ఈ యొక్కదానికి మాత్రము ఇంటిలో పదిమంది పది విధములుగా చెప్పుదురు. తక్కువైనచో నలుగురిలో తల వంగును. ఎక్కువైనచో అప్పు మిగులును. ఈ రెంటి నడుమ నడువదగిన త్రోవ యేదో నేడు కొంచెము ముచ్చటింతును.

మన శ్రీకాకుళ, విజయనగర మండలములలో ఈ ప్రశ్న సారెతో ముడివడి యున్నది. కూతురు కాపురమునకు పోవునప్పుడు సారె పంపుట ఇతర ప్రాంతములలోను కలదు గాని, మనవైపు దానియందు పట్టింపు మెండు. చలిమిడి, అరిసెలు, లడ్లు, కజ్జికాయలు, సున్నుండలు, జంతికలు – ఇవి వెనుక కావిళ్లమీద వచ్చెడివి; నేడు వ్యానులలో వచ్చుచున్నవి. వచ్చినదానిని అత్తవారు తమ గదిలో దాచుకొనరు. ఊరిలో ఇంటింటికిని పంచుదురు. ఇందు మంచి యర్థము కలదు. క్రొత్తగా వచ్చిన పిల్ల యెవరో యెఱుగని ఇల్లాలికి, చేతిలోని అరిసెయే ఆ పిల్లను పరిచయము చేయును. కనుక సారెకు కొలత పుట్టింటివారి కలిమి కాదు. అత్తవారి యూరిలోని గడపల సంఖ్య. ఈ చిన్న సంగతిని మఱచుటవలననే చిక్కులన్నియు వచ్చుచున్నవి.

వెనుకటి వంటవారు ఈ సంగతి బాగుగ నెఱుగుదురు. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము అని కొలుచుకొన్న కాలమది. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చినది. 1958 మొదలు కిలోగ్రాము క్రమముగా మన అంగళ్లకు చేరినది. కుంచము పోయినను వంటవాని మొదటి ప్రశ్న మాఱలేదు. “ఎన్ని కుంచములు?” అని యాతడు మొదట నడుగడు. “ఎన్ని విస్తళ్లు?” అనియే యడుగును. తినువారి లెక్క ముందు, వస్తువుల లెక్క తరువాత. మనము దీనిని తలక్రిందులు చేయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట మా వీథిలోని గృహస్థు డొకడు కాగితము పట్టుకొని నాయొద్దకు వచ్చెను.

“మేష్టారూ, అమ్మాయి సారెకి లెక్క రాసి పెట్టండి.”

ఎంత యనుకొన్నారని యడిగితిని.

“లడ్లు అయిదొందలు, అరిసెలు అయిదొందలు, మైసూరుపాకు అయిదొందలు. మా తోడల్లుడు అంతే పంపాడండి మరి.”

“మీ వియ్యాలవారి ఊళ్లో ఎన్ని గడపలు?”

“అది అడగలేదండి.”

అప్పటికప్పుడే ఫోను చేయించి యడిగించితిని. ఊరిలో 180 ఇండ్లు. వానిలో 40 ఇండ్లవారు విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును పనులకు వలసపోయి తాళములు వేసియుండిరి. మిగిలినవి 140. ఇంటికి రెండు లడ్లు, రెండు అరిసెలు. పెండ్లివారింట తినుటకును, పాలేరులకును మఱి యిరువదేసి. వెరసి 300 లడ్లు, 300 అరిసెలు. మాకు చేసిపెట్టువాని లెక్కలో కిలోకు 20 లడ్లు, 25 అరిసెలు తూగును. అనగా 15 కిలోల లడ్లు, 12 కిలోల అరిసెలు.

ఆ గృహస్థు ముఖము చిన్నబోయెను. “ఇంతేనా అంటారేమోనండీ” అనెను. మాటలలో తెలిసిన దేమనగా, మిగిలిన సొమ్మునకై రాబోవు పంటమీద అప్పు మాటలాడుకొనియే వచ్చినాడు. “అయ్యా, ఆ యప్పు తీఱువఱకు మీ యమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడెల్ల మీ ముఖమున దానినే చూచును. అరిసె రుచి ఊరివారికి పదిదినములు, అప్పు చేదు మీ పిల్లకు పదేండ్లు” అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు రెండు రకములకు ఒప్పుకొనెను గాని మైసూరుపాకును మాత్రము విడువలేకపోయెను. అదియు ఇంటికొకటి చొప్పున 150 చేర్చితిమి. మొత్తము 750; మొదట తలచిన 1500లో సరిగా సగము. ఆ యూరిలో తీపి చేరని గడప లేదు. అప్పును తేలేదు.

శుభకార్యమున లెక్కలు చూచుట లోభత్వమని కొందఱందురు. అట్లు కాదు. మన విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజుగారు తమ కాలమున విశాఖపట్టణ మండలములో కన్యాశుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్ల పట్టిక వ్రాయించిరి. మూడు సంవత్సరములలో అవి వేయికి మించినవని గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన తమ నాటకపు పీఠికలో తెలిపిరి. ఉపన్యాసములు కదలింపలేని మనస్సులను ఒక్కొక్కప్పుడు పట్టిక కదలించును. ఇంటి పెండ్లికిని అంతే.

ఇక లెక్క వ్రాయు విధము. పిలిచినవారు వేఱు, వచ్చువారు వేఱు. పేరు పేరున ఇంటి పెద్దను తలచుకొని, ఆ యింటినుండి యెందఱు వత్తురో ప్రక్కన వ్రాయవలెను. తరువాత కాలము చూడవలెను. శ్రావణమున తాళము వేసియున్న ఇల్లే సంక్రాంతికి కలకలలాడును. పట్టణములకు పోయినవారెల్లరు పిల్లలతో దిగుదురు. ఒకే యూరికి ఆ రెండు వేళలకు ఒకే లెక్క చెల్లదు. విజయదశమి తరువాతి మంగళవారమున విజయనగరములో పైడితల్లి సిరిమాను సంబరము జరుగును. ఆనాడు పట్టణములో పిలువని చుట్టము రాని ఇల్లు అరుదు; అప్పుడు కొంత యెక్కువ చేయుట వివేకమే. తరువాత వస్తువు బరువును చూడవలెను. మాడుగుల హల్వావంటి నేతి తీపి చిన్న ముక్కతోనే తృప్తి నిచ్చును. బూరె అట్లు కాదు, రెండవది యడుగని పిల్లవాడు లేడు.

ఇప్పుడు కేకు సంగతి. ఇది నా పూర్వులు ఎఱుగని వంట. ఐనను నేడు మన పల్లెలలో పుట్టినరోజునకును, పాఠశాలలో ఉపాధ్యాయుని వీడ్కోలు సభకును ఇదియే ముందు వచ్చుచున్నది. వచ్చిన యతిథిని గౌరవింపవలెను గనుక దీనికిని లెక్క చెప్పెదను. మనిషికి 50 గ్రాముల ముక్క చాలును. కిలోకు 20 ముక్కలు. 60 మంది సభకు మూడు కిలోలు. అయినను మూడు కిలోలు తెచ్చిన సభలో నలువది మందికే చాలుట మీరు చూచియుందురు. కారణము సులభము. కోయువాడు ముందువారికి అరచేయంత ముక్క నిచ్చును. వెనుక వరుసలోని పిల్లలకు వ్రేలెడు మిగులును. కావున ముందుగా ముక్కలన్నియు సమముగా కోసి, ఎంచి, పిదప పంచవలెను. ఇక ముఖములకు పూసికొనుటకై వేఱుగా నొక కిలో తెప్పించు నేటి యువకుల వేడుకకు నాయొద్ద లెక్క లేదు. తినెడి వస్తువును గోడకు, చొక్కాకు పూయుట ఏ శాస్త్రమునను వేడుక కాదు.

మఱియొక భేదము గమనింపుడు. అరిసెలు, జంతికలు దినములు నిలుచును. మిగిలినచో పొరుగింటికి పోవును. వానికి నూటికి పది చొప్పున ఎక్కువ చేర్చినను దోషము లేదు. వెన్నపూత పూసిన కేకు వైశాఖపుటెండలో కొన్ని గంటలకే చెడును. దానికి లెక్క మించరాదు. చాలదేమో యను భయ మున్నచో ప్రక్కన జంతికలో, అరటిపండ్లో ఉంచుకొనవలెను. నిలుచుదానియందు ధారాళము, నిలువనిదానియందు మితము – ఇది సూత్రము.

మిగులుట చిన్న సంగతి యని తలపకుడు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో లోకమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందు నూటికి 60 వంతులు ఇండ్లలో పాఱవేసినదే. అంగడివాని తప్పు కొంతయే. మన వంటింటి తప్పే యెక్కువ.

మన పెద్దలు పంక్తిభేదమును మహాదోషముగా నెంచిరి. ఒకే బంతిలో కూర్చున్నవారికి ఒకనికి నిండుగను, ఒకనికి కొఱతగను వడ్డింపరాదని దాని భావము. నేను దానిని మఱికొంత దూరము తీసికొనిపోయెదను. మొదటి బంతికిని తుది బంతికిని నడుమ కూడ భేద ముండరాదు. తుది బంతిలో ఎవరు కూర్చుందురు? పొద్దుటినుండి నీళ్లు మోసినవాడు, విస్తళ్లు తీసినవాడు, వడ్డించి వడ్డించి అలసిన ఇంటి ఆడుబిడ్డ. మొదట వచ్చిన మోతుబరి తిన్న లడ్డే, అంతే పరిమాణముతో, అంతే ఆదరముతో, వారి యాకులలోను పడవలెను. అంతవఱకు తగినంత చేయించుట ధర్మము. అంతకు మించి చేయించుట దర్పము. అంతకు తక్కువ చేయించుట లోభము.

కావున ఇంట శుభకార్యము తలపెట్టినవారు అంగడికి పోకముందు ఒక కాగితము తీసికొని, పైనుండి కాక క్రిందినుండి వ్రాయ మొదలిడుడు. మొట్టమొదట తుది బంతివారి పేర్లు వ్రాయుడు. వారికి చాలినంత యున్నచో మిగిలినవారికి తప్పక చాలును.