పాలు కారినంత మాత్రాన కూరకు పనికిరాదు

(వానాకాలం ముందు గ్రామ కమిటీల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తొలకరికి నేల తడిస్తే పుట్టగొడుగుల కోసం చూస్తాం. డబ్బు పెట్టి కొనక్కర్లేని కూర అది. అందుకే విషపు పుట్టగొడుగుల దెబ్బ కూడా ముందు పేదల ఇంటి మీదే పడుతోంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల కూలీల కుటుంబాలవారే.

ఈరోజు పాలు కారే అడవి పుట్టగొడుగుల గురించి చెప్పుకుందాం. మనం షెడ్లలో పెంచే పాల పుట్టగొడుగు వేరు. తెల్లగా ఉంటుంది కాబట్టి దానికా పేరు. తుంచితే పాలు రావు. అడవిలోది కోస్తే జిల్లేడులా పాలు కారుస్తుంది.

దాన్ని గుర్తుపట్టాలంటే అయిదు సంగతులు చూడాలి.

ఒకటి, చోటు. ఇది గుగ్గిలం వంటి చెట్ల వేళ్లతో కలిసి బతుకుతుంది. చెట్ల కింద నేలలో మొలుస్తుంది. పేడ మీద, గడ్డివాము మీద మొలిచింది ఇది కాదు.

రెండు, కాడ. విరిస్తే సుద్దముక్కలా పుటుక్కున విరగాలి. నారలా చీలితే ఇది కాదు.

మూడు, పాలు. గొడుగు కింది రేకులను కత్తితో గీసి కాసేపు చూడాలి. కొన్నింటి పాలు తెల్లగానే ఉంటాయి, కొన్నింటివి గోధుమ రంగుకో పసుపుకో తిరుగుతాయి. ముదిరి ఎండినదానికి పాలు రాకపోవచ్చు.

నాలుగు, మొదలు. పైపైన తుంచకుండా మట్టితో సహా పెకలించాలి. కాడ మొదట సంచి, పైన ఉంగరం ఉంటే ముట్టుకోవద్దు. ప్రాణాలు తీసే రకాలకు ఉండే గుర్తులవి.

అయిదు, పొడి. గొడుగును నల్ల కాగితం మీద రాత్రంతా బోర్లిస్తే తెలుపు లేదా లేత పసుపు పొడి రాలుతుంది.

ఈ అయిదూ కుదిరినా కోవ తెలిసిందనే అర్థం, తినవచ్చని కాదు. పాలు కారేవాటిలోనూ మిరపకాయలా మండేవి, వాంతులు, విరేచనాలు పట్టించేవి ఉన్నాయి. పురుగు తింటే మంచిదని, పసుపు, చింతపండు వేసి ఉడికిస్తే విషం పోతుందని అనుకోవద్దు. కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు. ఏళ్ల తరబడి తిన్న పెద్దవాళ్లు ఆ చోటే, ఆ రకమే అని ఖాయం చేస్తేనే వండాలి. అనుమానముంటే పారెయ్యాలి.

ప్రాణాంతకమైన విషం వెంటనే బయటపడదు. ఆరు గంటల తర్వాతో, మర్నాడో వాంతులు మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్టే ఉండి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, మిగిలిన పుట్టగొడుగును కూడా ఆస్పత్రికి పట్టుకెళ్లాలి.

ప్రతి గ్రామ కమిటీ తొలకరికి ముందే పెద్దలతో, ఆశా కార్యకర్తలతో ఒక సమావేశం పెట్టాలి. పుట్టగొడుగుల విషానికి వైద్యం ఎక్కడ దొరుకుతుందో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి. లేదంటే ఏర్పాటు చేయమని మనమంతా కలిసి పట్టుబట్టాలి.